ఆర్విడ్ మూడోసారి అడగలేదు

న్యూయార్క్
1951 జనవరి 14

అక్కకి,

ఈపాటికి ఆ పత్రిక నార్డ్‌బీకి చేరే ఉంటుంది. అట్ట మీద నా బొమ్మ చూసి నవ్వుకో, ఫరవాలేదు. ఆ పైపు నాది కాదు. ఫొటో తీసినవాడు తన జేబులోంచి తీసి నా నోట్లో పెట్టాడు. నవలలు రాసేవాడంటే పైపు ఉండాలట. రెండు దమ్ములు పీల్చి అరగంట దగ్గాను. లోపల మాత్రం బాగా రాశారు. "మిన్నెసోటా పల్లెటూరి మనిషి మనసు హాల్వర్ స్టెన్‌రూడ్‌కి తెలిసినట్టు ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదు" అని. ఆ వాక్యం కత్తిరించి అద్దానికి అంటించుకున్నాను. రోజూ గడ్డం గీసుకుంటూ చదువుకుంటున్నాను.

అంత తెలిసినవాణ్ని ఏడో నవల నలభయ్యో పేజీ దగ్గర కూలబడ్డాను. ఒక రైతు భార్య మూతపెట్టిన గిన్నె పట్టుకుని చర్చి కింది హాల్లోకి అడుగుపెట్టింది. పెట్టి మూడు వారాలైంది. ఆ గిన్నెలో ఏముందో, దాన్ని ఎక్కడ దించాలో, దించగానే ఎవరేమంటారో నాకు తట్టడం లేదు. పాపం, ఆవిడ చేతులు నొప్పెట్టి ఉంటాయి. మా పబ్లిషర్ ఫెన్‌విక్ ప్రతి సోమవారం ఫోన్ చేసి "ఆవిడ గిన్నె దించిందా?" అని అడుగుతున్నాడు.

మొన్న ఒక విందులో నా రెండో మాజీ భార్య కనిపించింది. "పుస్తకంలో అయితే చీమ తుమ్మినా ఈయనకి వినిపిస్తుంది. ఇంట్లో నేను సామాను సర్దుకుని వెళ్లిపోయిన సంగతి నాలుగు రోజులకి గాని తెలియలేదు" అని పదిమందిలో అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు కాదు, మూడు రోజులే.

కాబట్టి ఎప్పటిలాగే నువ్వే దిక్కు. ఊరి సంగతులు రాయి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరింటి పొయ్యి పొగ చిమ్ముతోంది, మంచులో ఎవరి బండి దిగబడింది, అన్నీ రాయి.

నీ తమ్ముడు
హాల్వర్

* * *

నార్డ్‌బీ, మిన్నెసోటా
జనవరి 22

ఒరే హాల్వర్,

పత్రిక చేరింది. పోస్టాఫీసు గుడ్రున్ నీ బొమ్మని కిటికీ అద్దానికి అంటించింది. దారినపోయేవాళ్లు ఆగి చూసి "దగ్గు వస్తున్నట్టుందే" అనుకుంటూ వెళ్తున్నారు. నీ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ గిన్నెలో బంగాళాదుంపలూ క్రీమూ వేసి కాల్చిన కూర ఉంటుంది. ఇంకేముంటుంది? దాన్ని ఆవిడంతట ఆవిడ దించకూడదు. బల్ల దగ్గరున్నవాళ్లు వచ్చి అందుకోవాలి. ఇచ్చేటప్పుడు "ఈసారి ఏం బాగా కుదర్లేదు, అడుగంటింది కూడా" అనాలి. అడుగంటదు. ఇది కూడా మరిచిపోయావంటే నాకు దిగులుగా ఉందిరా. అయిదో నవలలో లెఫ్సె రొట్టెని పొయ్యి లోపల పెట్టి కాల్పించావు. పెనం మీద కాల్చేదాన్ని లోపల పెట్టే ఆడది ఈ జిల్లాలో లేదు. రెండేళ్లు ఆ మాట నేను చర్చిలో పడ్డాను, నువ్వు పడలేదు.

సంగతులు అంటావా. కొత్త పాస్టరు భార్య కాలిఫోర్నియా పిల్ల. చక్కని పిల్ల, నవ్వుతూ ఉంటుంది. కిందటి వారం మా మహిళా సంఘాన్ని ఇంటికి పిలిచింది. పద్దెనిమిది మందిమి వెళ్లాం. బల్ల మీద ఏడు రకాల బిస్కట్లు, కాఫీ ఘుమఘుమ. "కాఫీ తీసుకుంటారా?" అని అడిగింది. మామూలుగానే అందరం "అబ్బే, వద్దమ్మా" అన్నాం. ఆ పిల్ల "సరే" అని పాత్ర పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ అడగడానికి వస్తుంది కదా అని కూర్చున్నాం. రాలేదు. రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే "సరే, మీకు శ్రమ లేకపోతే సగం కప్పు" అనాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? గంటన్నర సేపు పద్దెనిమిది మంది ఆడవాళ్లం గొంతులు ఎండబెట్టుకుని మిషనరీల గురించి మాట్లాడాం. గుడ్రున్ గుమ్మం దాకా వచ్చాక కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

నీ మొదటి పుస్తకం ఇప్పటికీ లైబ్రరీలో బల్ల కిందే ఉంది. కావలసినవాళ్లు పేరు చెప్పి అడగడానికి సిగ్గుపడి "ఆ గోధుమరంగు కాగితం అట్టది" అంటారు. ఇప్పటికి నాలుగు అట్టలు చిరిగిపోయాయి.

నేను బాగున్నాను. బడి మానేశాక పొద్దు పోదనుకున్నాను గాని పోతూనే ఉంది. డెయిరీలో వెన్న తీసే ఆర్విడ్ క్వామె బుధవారాలు మన ఇంటికి వస్తున్నాడు. నీకన్నా రెండు తరగతులు పైన చదివాడు, గుర్తుండే ఉంటాడు. ఒక పౌను వెన్న తెచ్చి బల్ల మీద పెట్టి గంటసేపు కూర్చుంటాడు. వచ్చినప్పుడల్లా తొమ్మిది మాటలు మాట్లాడతాడు, పదోది ఎప్పుడూ వినలేదు.

నువ్వు ఈ ఊరు వచ్చి ఇరవై మూడేళ్లు. లెక్క నేను పెట్టలేదు, గుడ్రున్ పెట్టింది.

మీ అక్క
సిగ్నే

* * *

న్యూయార్క్
ఫిబ్రవరి 6

అక్కా,

నువ్వు బంగారానివి. ఆవిడ గిన్నె దించింది. కాదు, అందుకున్నారు. అడుగంటిందని కూడా అంది. ఫెన్‌విక్‌కి ఫోన్‌లో చదివి వినిపిస్తే "ఈ సూక్ష్మం నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. నేను వినయంగా ఊరుకున్నాను.

ఆ కాఫీ కథ మొత్తం అరవయ్యో పేజీ నుంచి అరవై ఆరు దాకా పెట్టేశాను. పద్దెనిమిది మందిని ఇరవై నలుగురిని చేశాను. రాస్తూ రాస్తూ కుర్చీలో నవ్వుకుంటుంటే పక్కింటివాళ్లు గోడ తట్టారు.

ఆర్విడ్ గుర్తున్నాడు. చెవులు పెద్దవి. ఆ తొమ్మిది మాటలేమిటో వరసగా రాసి పంపు, నాకు ఒక మూగమనిషి కావాలి నవలలో. వెన్న పట్టుకుని వచ్చి కుర్చీకి అతుక్కుపోయే ముసలి బ్రహ్మచారి. చదివేవాళ్లు పడి పడి నవ్వుతారు. ఆ కుర్చీ ఏ కుర్చీ? నాన్నదా?

వసంతంలో ఒక విశ్వవిద్యాలయం నాకు గౌరవ డాక్టరేటు ఇస్తోంది. గౌను వేసుకోవాలట. టోపీకి కుచ్చు ఎటువైపు ఉండాలో వాళ్లే ఒక కాగితం పంపించారు. మనవైపు ఎప్పుడు వస్తావని అడక్కు. నాన్నని మొదటి పుస్తకంలో అంత చెడ్డగా పెట్టినవాణ్ని ఆ ఊరి వీధిలో ఎలా నడవమంటావు?

హాల్వర్

* * *

నార్డ్‌బీ
మార్చి 15

హాల్వర్,

ఆ కుర్చీ నాన్నదే. నువ్వు ఇంకెవరినైనా మూగవాణ్ని చేసుకో, ఆర్విడ్ మూగవాడు కాడు. తక్కువ మాట్లాడతాడు, అంతే. రెండూ వేరు. ఇది రాయడానికి నెల రోజులు పట్టింది, ఎందుకంటే ఈ నెలలో కొన్ని జరిగాయి, రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను గాని ఇది నవలలో పెట్టడానికి కాదు. విన్నావా?

కిందటి బుధవారం ఆర్విడ్ వెన్న బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు. "సిగ్నే గారూ, మీ ఇల్లు ఒక్కరికి పెద్దది. మా ఇల్లు కూడా ఒక్కరికి పెద్దదే. రెండిళ్లు ఎందుకని ఆలోచిస్తున్నాను" అన్నాడు. లెక్కపెట్టుకో, తొమ్మిది దాటాయి. నాకు చెవులు వేడెక్కాయి. "ఈ వయసులో ఇప్పుడెందుకండీ, ఊళ్లో నవ్వుతారు, వద్దులెండి" అన్నాను. ఆయన తల ఊపి కూర్చుని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి రెండు పౌన్ల వెన్న తెచ్చాడు. "పోయినవారం అన్నదాని గురించి మళ్లీ అడుగుతున్నాను" అన్నాడు. "వద్దండీ, మీకెందుకు శ్రమ, నేను మొండిదాన్ని, ముప్పై ఆరేళ్లు పిల్లల్ని అదిలించి అదిలించి నా గొంతే గట్టిపడింది" అన్నాను. ఆయన నవ్వాడు. ఆర్విడ్ నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

అంతే సంగతి. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లు వద్దన్నాను. వంటింటి కిటికీకి కొత్త తెరలు కుట్టాను. అమ్మ గౌనుకి గుచ్చుకునే వెండి బ్రూచి తీసి బూడిదతో తోమాను, తళతళలాడుతోంది. ఎందుకో నిన్న రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. వచ్చే బుధవారం 21వ తేదీ.

సిగ్నే

* * *

న్యూయార్క్
మార్చి 17

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నీకు నిద్ర కూడా పట్టడం లేదా? యాభై తొమ్మిదేళ్ల ఆడదాన్ని, ఊరందరికీ చదువు చెప్పినదాన్ని, ఒకసారి వద్దన్నాక మళ్లీ వచ్చి వేధిస్తాడా? అదీ నాన్న కుర్చీలో కూర్చుని? నువ్వు మంచిదానివి, మొహం మీద తలుపు వేయలేవు. నీకు తమ్ముడనేవాడు ఒకడున్నాడు.

నా జన్మలో మొదటిసారి ఒక పని ఆలస్యం చేయకుండా చేశాను. ఆర్విడ్ క్వామెకి నాలుగు పేజీల ఉత్తరం రాసి విమానం టపాలో పంపాను. మంగళవారానికల్లా అందుతుంది. మర్యాద తప్పలేదులే. "మా అక్క మనసు నాకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆవిడ రెండుసార్లు చెప్పింది, మూడోసారి చెప్పించుకోకండి. ఆవిడ కోరుకునేది ప్రశాంతత" అని రాశాను. చివరి పేరా చాలా బాగా వచ్చింది, నకలు ఉంచుకున్నాను.

ఇక ఆయన నీ గుమ్మం తొక్కడు. హాయిగా నిద్రపో. ఈ ఉత్తరం మామూలు టపాలోనే వేస్తున్నాను, తొందరేం లేదు కదా.

నీ హాల్వర్

* * *

నార్డ్‌బీ
మార్చి 22

హాల్వర్,

నిన్న బుధవారం. నేను పొద్దున్నే లేచి నేల కడిగాను. బ్రూచి పెట్టుకున్నాను. ఏడు రకాలు చేయలేదు గాని మూడు రకాల బిస్కట్లు చేశాను. రెండు గంటలకి రావాలి. మూడయింది. నాలుగింటికి కాఫీ పారబోసి మళ్లీ కాచాను. అయిదింటికి బ్రూచి తీసి డబ్బాలో పెట్టాను.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం వచ్చింది.

వద్దు అంటే వద్దని నీకు ఏ ఊళ్లో నేర్పారురా? నువ్వు ఎక్కడ పుట్టావు? కాఫీ సంగతి రాస్తే పక్కింటివాళ్లు గోడ తట్టేంతగా నవ్వావు కదా. ఏడు పేజీలు రాశావు కదా. ఇరవై నలుగురిని కూర్చోబెట్టావు. ఆ పాస్టరు భార్య కాలిఫోర్నియాలో పుట్టింది, తెలియదు, పాపం అనుకున్నాం. నీకేమైంది? ఒక మాట విని ఆ పాత్ర పట్టుకుని వెళ్లిపోయావు. అదీ నాకోసం కాచిన పాత్ర.

నేను వద్దన్నది ఆయన మళ్లీ అడగాలని. ఆయన మళ్లీ అడిగింది నేను వద్దంటానని తెలిసే. మూడోసారికి ఏం చెప్పాలో వారం నుంచి సర్దుకుంటున్నాను. అది ఇప్పుడు ఎవరికి చెప్పను? నీకా?

నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ నీ వల్లే. నీ చివరి పేరా నకలు నాకు పంపొద్దు.

సిగ్నే

* * *

న్యూయార్క్
ఏప్రిల్ 9

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక పది రోజులు, మొదలుపెట్టినవి చింపేయడానికి ఇంకో వారం పట్టింది. నేను గాడిదని. గాడిదలు కూడా ఎదుటివాళ్ల తరఫున ఉత్తరాలు రాసి విమానంలో పంపవు.

అద్దానికి అంటించిన వాక్యం తీసేశాను. జిగురు మరక పోవడం లేదు.

ఆర్విడ్‌కి వెంటనే రెండో ఉత్తరం రాశాను. పదకొండు పేజీలు. పొరపాటు నాదని, నువ్వు ఎదురు చూస్తున్నావని కాస్త అటూ ఇటూగా, కాస్త నాజూగ్గా రాశాను. ఆయన జవాబు నిన్న వచ్చింది. మొత్తం రాస్తున్నాను, పెద్ద పని కాదు:

"హాల్వర్ గారికి. మీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది నిజం. రెండోది మీ మంచితనం. ఈ ఏడు పాలలో క్రీము బాగుంది. ఆర్విడ్ క్వామె."

ఇప్పుడు ఏం చేయాలి? మూడో ఉత్తరం ఇరవై పేజీలు రాయనా? పాస్టరుకి రాయనా? నవల పక్కన పెట్టేశాను. ఆ అరవయ్యో పేజీ చూస్తే సిగ్గేస్తోంది. ఫెన్‌విక్ ఫోన్ చేస్తే ఒంట్లో బాగా లేదని చెప్పాను.

హాల్వర్

* * *

నార్డ్‌బీ
మే 8

హాల్వర్,

ఏమీ రాయకు. ఎవరికీ రాయకు. నువ్వు రాసింది చాలు.

ఆర్విడ్ బుధవారాలు రావడం లేదు. చర్చిలో మూడు వరసల వెనక కూర్చుంటున్నాడు. పోయిన ఆదివారం మెట్ల దగ్గర ఎదురుపడితే "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, క్షమించండి" అన్నాడు. "అబ్బే, ఇబ్బందేముంది" అన్నాను. గబగబా మెట్లు దిగి వచ్చేశాను. నేనే డెయిరీకి వెళ్లి చెప్పొచ్చు కదా అనుకుంటున్నావా? ఊళ్లో సగం మందికి ఎక్కాలు నేర్పినదాన్ని, ఆ గుమ్మంలో నిలబడి "నన్ను ఇంకోసారి అడగండి" అని అనలేను. అలా అడిగించుకున్నాక అడిగినా దానికి విలువేముంది?

నిన్న గుడ్రున్ చెప్పింది. ఆర్విడ్ డెయిరీకి రాజీనామా ఇచ్చాడట. జూన్ మొదటి వారంలో మోంటానాలో అన్నగారి దగ్గరికి వెళ్లిపోతున్నాడట. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. గుడ్రున్ నా మొహం వైపు చూడకుండా స్టాంపులు చింపుతూ చెప్పింది, అంటే ఊరందరికీ తెలుసన్నమాట.

నిన్ను మొదటిసారి ఒకటి అడుగుతున్నాను. ముప్పై మూడేళ్లుగా నువ్వు అడిగిందల్లా రాసి పంపాను. ఎవరు చచ్చారో, ఎవరు పుట్టారో, గిన్నెలో ఏముందో. నువ్వు రా. వచ్చి నోటితో చెప్పు. నాన్న గురించి నిన్ను ఎవరూ ఏమీ అనరు. అనేవాళ్లంతా చర్చి వెనక సమాధుల్లో పడుకున్నారు. మిగిలినవాళ్లు ఆ పుస్తకంలో తాము లేమని బాధపడుతున్నారు.

సిగ్నే

* * *

చికాగో వెళ్లే రైల్లో
మే 28, సోమవారం

అక్కా,

నా పెట్టె, టోపీ, కోటు మీ ఇంట్లోనే ఉన్నాయి. వాటిని పంపు, లేకపోతే ఉంచు. నిన్న సాయంత్రం వచ్చి, ఇవాళ పొద్దున డెయిరీకని వెళ్లి, చెప్పకుండా పన్నెండింటి రైలెక్కి పారిపోయానని నీకు కోపంగా ఉండాలి. కోపంగా లేకపోతే అది మరీ మంచిది. ఎందుకు వెళ్లానో చెబుతాను.

ముందు గుడ్రున్ పట్టుకుంది. "రెండో నవలలో పోస్టాఫీసు లావుపాటి ఆవిడ నేను కాదు కదా?" అంది. కాదండీ అన్నాను. "కాదా?" అంది. ఆ మొహం చూసి, నిజానికి మీరే అన్నాను. చేతిలో స్టాంపుల కట్ట పక్కన పెట్టి నాతో చెయ్యి కలిపింది. ఇరవై మూడేళ్లు నేను భయపడింది ఈ ఊరికేనా అనిపించింది.

డెయిరీలో ఆర్విడ్ ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తెల్ల ఏప్రాను. వెన్న చిలికే పీపాని చెక్కతో గీకుతున్నాడు. చెవులు అలాగే ఉన్నాయి.

"ఆర్విడ్, నేను తప్పు చేశాను. మా అక్క వద్దన్నది వద్దని కాదు" అన్నాను. ఈ మాట ఇంత సూటిగా ఆ జిల్లాలో ఎవరూ ఎవరితోనూ అని ఉండరు. ఆయన గీకడం ఆపలేదు.

"మీరలా అనడం మీ పెద్దమనసు, హాల్వర్ గారూ."

"గారు అనకయ్యా. ఒకే గది ఉన్న బళ్లో చదువుకున్నాం. మనసు కాదు, నిజం చెబుతున్నాను."

"నిజం మొదటి ఉత్తరంలో ఉంది. రెండోది నా మీద జాలేసి రాశారు. తేడా తెలుస్తుంది లెండి. మొదటిది పొట్టిగా ఉంది."

"నా మాట అంత గట్టిగా ఎందుకు నమ్మావు? నేనేమన్నా దేవుణ్నా?"

అప్పుడు గీకడం ఆపాడు. చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. అల్మరా తీసి నా రెండో నవల తెచ్చాడు. అంచులకి వెన్న మరకలు. వెతక్కుండానే రెండు వందల పన్నెండో పేజీ తెరుచుకుంది. నువ్వు మరిచిపోయావేమో, అక్కా. కొడుకు యుద్ధానికి వెళ్లి నాలుగు నెలలు కబురు లేని తల్లి, చీకటితో పాలు పితకడానికి వెళ్లి, ఆవు డొక్కకి నుదురు ఆనించి ఏడుస్తుంది. పాలు పితకడం మాత్రం ఆపదు.

"అది మా అమ్మ" అన్నాడు ఆర్విడ్. "నేను ఫ్రాన్సులో ఉన్నప్పుడు. నేను తిరిగొస్తే ఆవిడ అన్న మాట 'బూట్లు తడిగా ఉన్నాయి, బయట విడువు' అని. అంతే. చచ్చిపోయేదాకా ఆ నాలుగు నెలల గురించి ఒక్క మాట అనలేదు. నామీద బెంగే పెట్టుకోలేదనుకున్నాను. పదేళ్ల తర్వాత మీ పుస్తకం చదివాను. ఎవరికీ చెప్పని మా అమ్మ మనసు, ఎక్కడో న్యూయార్క్‌లో కూర్చుని మీరు తెలుసుకున్నారు. అలాంటివాళ్లకి సొంత అక్క మనసు తెలియదా? అందుకే నమ్మాను."

అక్కా, నా పుస్తకాల గురించి ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు. ఇలాంటి మాట ఎవరూ అనలేదు. ఆ మాట ఉంచుకోవాలనిపించింది. ఒక అరనిమిషం ఉంచుకున్నాను కూడా. 

తర్వాత చెప్పాను. "ఆ పేజీ నాది కాదు. మా అక్క ఉత్తరంలోది. 1918 అక్టోబరులో రాసింది. కామా కూడా మార్చలేదు."

"మరి మిగతావి?"

"బాగున్నవి చాలావరకు ఆవిడవే. లెఫ్సె రొట్టె పొయ్యిలో పెట్టింది మాత్రం నేనే."

ఆయన పాల క్యాను మీద కూర్చుండిపోయాడు. పుస్తకం మూసి "ఆ ఏడు బడి పంతులమ్మగారికి బస మా ఇంట్లోనే. పై గదిలో" అన్నాడు.

"అవును."

"అయితే సిగ్నే గారు చూశారన్నమాట."

"చూసింది."

"ఇన్ని బుధవారాలు వచ్చాను. నాకెప్పుడూ చెప్పలేదు."

"మీ అమ్మ దాచుకున్నది తను ఎలా చెబుతుంది? నాకు రాసి పొరపాటు చేశానని అప్పుడే రెండో ఉత్తరం రాసింది. నేను దాన్ని పట్టించుకోలేదు."

ఆర్విడ్ లేచాడు. ఏప్రాను విప్పి మడతపెట్టాడు. మోటారు ఆపాడు. "ఇవాళ సోమవారం" అన్నాడు, నాతో కాదు, తనలో తానే. టోపీ పెట్టుకుని మీ ఇంటివైపు నడిచాడు, వెన్న కూడా తీసుకోలేదు. బూట్లు మార్చుకోవడం మరిచిపోయాడు.

నేను వెనకాలే రాబోయి ఆగిపోయాను. ఇంట్లో మూడో మనిషి ఉంటే ఆర్విడ్ నోరు విప్పడు. అందుకే స్టేషన్‌కి నడిచాను.

నవల సంగతి: ఆ అరవయ్యో పేజీ నుంచి అరవై ఆరు దాకా తీసేస్తున్నాను. ఫెన్‌విక్‌కి కూడా నిజం చెప్పబోతున్నాను, ఈ సూక్ష్మాలన్నీ ఎవరివో. పుస్తకం మొదటి పేజీలో నీ పేరు ఉండాలి, నువ్వు ఒప్పుకుంటే.

ఇప్పుడు ఒక్కటి చెప్పు. ఆయన వచ్చాడా? ఏమన్నాడు? మాట మాట రాయి, అక్కా. ఎలా నిలబడ్డాడు, టోపీ తిప్పాడా లేదా, నువ్వు ఏ గదిలో ఉన్నావు, వారం రోజులు సర్దిపెట్టుకున్న ఆ జవాబు ఏమిటి? నవల కోసం కాదు. సరే, కొంచెం నవల కోసం కూడా.

హాల్వర్

* * *

నార్డ్‌బీ
జూన్ 9

ఒరే హాల్వర్,

నీ పెట్టె, టోపీ, కోటు పార్సిల్ చేశాను. కోటు జేబులో నా వంటింటి కొలతలు రాసిన నోటు పుస్తకం దొరికింది. పొయ్యి నుంచి బల్లకి ఎన్ని అడుగులో కూడా రాసుకున్నావు. అది ఉంచేసుకున్నాను.

ఆర్విడ్ ఇల్లు అమ్మకం బోర్డు తీసేశాడు. మోంటానాకి ఒక ఉత్తరం వెళ్లింది, రెండు వాక్యాలు అని గుడ్రున్ చెప్పింది. పెళ్లి ఆగస్టు 18న, చర్చిలో, తర్వాత కింది హాల్లో భోజనాలు. పాస్టరు భార్య కాఫీ తనే పోస్తానంది. ఇప్పుడు ఆ పిల్ల నేర్చుకుంది, ఆరేడుసార్లు అడుగుతోంది, తాగలేక చస్తున్నాం. నువ్వు రావాలి. నిన్ను ఒక్కసారే పిలుస్తున్నాను, వద్దన్నావంటే వద్దనే అనుకుంటాను, నీకు అర్థమయ్యే భాషలో.

పుస్తకంలో నా పేరు వేస్తే వెయ్యి. కాదనను. నాకు నచ్చింది, పైకి చెప్పకూడదు గాని నచ్చింది. ఆ ఏడు పేజీలు తీసెయ్యకు, అవి బాగున్నాయి, ఇరవై నలుగురిని మాత్రం మళ్లీ పద్దెనిమిది చెయ్యి.

ఆర్విడ్‌కి వాళ్లమ్మ గురించి ఇంకా చాలా చెప్పాను. ఆ ఏడాది రాసిన నా పాత ఉత్తరాలు నీ దగ్గర ఉంటే తిరిగి పంపు. చదువుకుంటాడట. ఆయన కూర్చుని వింటాడు. మధ్యలో "తర్వాత?" అంటాడు. ఒకరు అలా అడుగుతూ ఉంటే చెప్పడం ఎంత బాగుంటుందో నాకు ఇన్నాళ్లూ తెలియదు, ఎందుకంటే నువ్వు అడిగేది వేరు.

ఇకపైన కూడా నీకు రాస్తాను. వానలు, చావులు, పుట్టుకలు, ఎవరింటి పొయ్యి పొగ చిమ్మిందో, అన్నీ రాస్తాను. నువ్వు నవలలు రాసుకో.

ఆ సోమవారం మాత్రం రాయను. ఆర్విడ్ నా ఇంటికొచ్చి ఏమన్నాడో, నేనేమన్నానో, మేమిద్దరం ఎంతసేపు ఊరుకున్నామో నీకు చెప్పను. నాకు జరిగినవన్నీ ఇన్నేళ్లు నీకే ఇచ్చాను, ఇది నేను ఉంచుకుంటున్నాను. నువ్వు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు అడిగినా ఇది మాత్రం నిజమైన వద్దే.

మీ అక్క
సిగ్నే